బొగ్గు మీద వేసిన నింద

మా చిన్నోడికి మొదటిసారి జ్వరం వచ్చి మెడ కొయ్యబారినప్పుడు వాడింకా బడికి వెళ్లడం లేదు. గోదావరిఖని దవాఖానలో డాక్టరు, మెదడు పొరలకు చీము పట్టిందన్నాడు. సూదులతో గండం గడిచింది. మరుసటేడు మళ్లీ అదే జ్వరం, అదే మెడ. ఈసారి కారణం నేనే కనిపెట్టాను: బొగ్గు.

మా ఆయనది గనిలో పని. షిఫ్టు దిగి రాగానే పిల్లవాణ్ని భుజానికెత్తుకునేవాడు. వాడి బుగ్గలకంటిన మసి చూసి అంతవరకు మురిసిపోయినదాన్నే, ఒక్కసారిగా కాళికనయ్యాను.

"బావా, గాడనే ఆగు. తానం జేసినంకనే పిల్లగాన్ని ముట్టు."

"గనిల జేసెటోళ్ల పిల్లలందరు మంచిగనే ఉన్నరు గదనే" అన్నాడు.

వింటేగా! అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, జ్వరం మీది కోపమంతా ఆయన మీద చూపాను. చలికాలంలోనూ పెరట్లో నల్లా కిందే ఒళ్లు రుద్దుకునేవాడు. గోళ్ల సందుల్లో నలుపు ఎంత తోమినా పోదు. అది చూపించి మళ్లీ పంపేదాన్ని. చిన్నోడు ఎదురు పరిగెత్తితే రెక్క పట్టి లాగేదాన్ని. ఇంత కాపలా కాసినా మూడోసారీ జ్వరం వచ్చింది.

తగ్గాక హైదరాబాద్ పంపారు. అక్కడి డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, "మీది మేనరికమా?" అని అడిగింది. ఔనన్నాను. క్రిములను చంపడానికి రక్తంలో ఉండాల్సిన పదార్థాల్లో ఒకటి వీడికి పుట్టుకతోనే లేదట. ఆ లోపం తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిందట. టీకాలు వేయించమంది, ఒళ్లు వెచ్చబడితే క్షణం ఆలస్యం చేయొద్దంది.

"మరి బొగ్గు?" అన్నాను.

"బొగ్గుకూ దీనికీ ఏం సంబంధమమ్మా?"

బస్సులో మా ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. "ఫికర్ జెయ్యకు, మందున్నదంటున్నరు గద" అన్నాడు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. బిడ్డకొచ్చిన లోటులో సగమే నాది. తండ్రి చేతుల్లోంచి బిడ్డను లాక్కున్న పాపం మాత్రం మొత్తం నాదే.

మర్నాడు ఆయన డ్యూటీ నుంచి రాగానే, "బావా, గట్లనే ఎత్తుకో" అన్నాను. ఆయన గడపలో కూర్చుని నల్లటి చేతులు చాపాడు. చిన్నోడు నా కొంగు వెనక్కి నక్కాడు.

"తానం జేసి రా బాపూ" అన్నాడు.

ఆయన నవ్వి, లేచి పెరట్లోకి నడిచాడు.