బాలమ్మ చదివిన అంకె

2022 ఎండాకాలం. వనపర్తిలో నేను పళ్ల దవాఖాన పెట్టి మూడేళ్లయింది. పాన్‌గల్ దగ్గరి పల్లె నుంచి బాలమ్మ అనే పెద్దావిడ ఆరేళ్ల మనవరాలు శ్రావణిని తీసుకొచ్చింది. దవడ పన్ను పూర్తిగా పుచ్చి చీము పట్టింది. లోకల్ అనస్థీషియా, అంటే చిగుళ్లకు తిమ్మిరి సూది ఇచ్చి పన్ను తీసేశాను. తిమ్మిరి వదిలాక నొప్పి తెలుస్తుంది కాబట్టి పారాసిటమాల్ సిరప్ రాశాను. పిల్లలకు దీన్ని బరువును బట్టి ఇస్తాం. శ్రావణి పదిహేడు కిలోలు. "పది ఎం.ఎల్., నొప్పి ఉంటేనే, ఆరు గంటలకొకసారి" అని చెప్పి పంపాను.

సాయంత్రం బాలమ్మ ఫోన్ చేసింది. వెనక పిల్ల ఏడుపు.

"డాక్టరమ్మా, బస్సు దిగుతుంటే సీస కిందపడి మందంత కారిపోయింది. మా ఊరి షాపుల నీ చీటి చూపిస్తే ఇంకోటి ఇచ్చిండు. పాత డబ్బ మీద నూటిరవై ఉండె, దీని మీద రెండొందల యాభై ఉంది. నాకు చదువు రాదు గని అంకెలు ఎరుకనే. పొయ్యాల్నా, ఒద్దా?"

ఆ అంకె సిరప్ స్ట్రెంగ్త్. ఐదు ఎం.ఎల్.లో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉందో అదే చెబుతుంది. చీటీలో నేను దాన్ని రాయనేలేదు. నేను చెప్పిన పది ఎం.ఎల్. నూటిరవై సిరప్ లెక్క; దీన్ని పది ఎం.ఎల్. పోస్తే రెట్టింపు మందు పడేది. రోజంతా అలాగే పోస్తే పిల్ల కాలేయానికే ముప్పు.

"అవ్వా, ఇప్పటిదాక ఏమన్న పోసినవా?"

"లేదు. ఇంట్ల అందరు పొయ్యి పొయ్యి అంటుండ్రు. నిన్నడగక పొయ్యబుద్ధి గాలే."

"మంచిపని చేసినవ్. మూతల ఐదు గీత దాకనే పొయ్యి."

గంట తర్వాత నేనే ఫోన్ చేశాను. పిల్ల పెరుగన్నం తిని పడుకుందట. అప్పుడు గానీ నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

వారానికి చూపించుకోవడానికి వచ్చారు. పుండు మానింది. "ఆ పొద్దు నిన్ను పరేషాన్ చేసిన బిడ్డా" అని బాలమ్మ నొచ్చుకుంది.

"తప్పు నాది అవ్వా. నువ్వు అడగకుంటే ఏమైతుండెనో."

"తెల్వదు గద, అడిగిన. గంతే" అంది, మనవరాలి మూతి తుడుస్తూ.

ఇప్పుడు ప్రతి చీటీలో స్ట్రెంగ్త్ రాస్తాను. మందు పోసేవాళ్లతోనే కొలత మూతలో నీళ్లు పోయించి చూస్తాను. చెప్పిందే మళ్లీ అడిగేవాళ్ల మీద ఒకప్పుడు విసుక్కునేదాన్ని. ఏడుస్తున్న పిల్లను ఒళ్లో పెట్టుకుని, అందరూ తొందరపెడుతున్నా ఆగి అడిగిన ఆ అవ్వ వల్ల, ఇప్పుడు వాళ్లు అడిగేదాకా నేనే ఆగుతున్నాను.