పొట్టనీరు చెడిందని చెప్పిన ఫోను

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. పదకొండేళ్లుగా రాయచూరులో నర్సును. ఎన్నో చావులు దగ్గరుండి చూశాను. చనిపోయినవాళ్లు తిరిగి కనిపించడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఇది జరిగినప్పుడు లివరు జబ్బు మీద జరుగుతున్న ఒక పరిశోధనలో పనిచేస్తున్నాను. లివరు చెడితే పొట్టలో నీరు చేరుతుంది. ఒక్కోసారి ఆ నీటికి ఇన్‌ఫెక్షన్ సోకుతుంది. పెరిటోనైటిస్ అంటారు. అది ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాత ప్రాణానికి ముప్పు ఎంత పెరుగుతుందో చూడటం మా పని. ఆ ఇన్‌ఫెక్షన్ కొందరిలో జ్వరం, నొప్పి ఏమీ లేకుండానే మొదలవుతుంది.

యాపలదిన్ని రైతు తిమ్మప్ప పదిహేను రోజులకోసారి భార్య నర్సమ్మతో వచ్చి నీరు తీయించుకునేవాడు. ఆ రోజు పొద్దున కూడా తీశాం. కొంచెం పరీక్షకు పంపాం. రిపోర్టు సాయంత్రానికి గాని రాదు. మనిషి బాగానే ఉన్నాడు, టీ తాగాడు. పదకొండింటికి పంపేశాం.

ఒంటిగంటకు ఇద్దరూ మళ్లీ వార్డు గుమ్మంలో నిలబడ్డారు. ఎందుకొచ్చారని అడిగాను.

"నువ్వే గద సిస్టరమ్మా ఫోన్ చేస్తివి," అంది నర్సమ్మ. "నీళ్లు ఖరాబైనయి, ఇంటికి పోవద్దు, వాపస్ రాండ్రి అంటివి. నడుమల బస్సు దిగి ఆటోల వస్తిమి."

నేను చేయలేదు. ఆమె ఫోన్ తీసుకుని చూశాను. పదకొండూ నలభైకి నా నంబరు ఉంది. నా ఫోన్లో ఆ కాల్ లేదు. ఆ సమయంలో నేను మా డాక్టరుగారి ఎదుట కూర్చుని పరిశోధన ఫారాలు నింపుతున్నాను.

ఏదో పొరపాటని వాళ్లను పంపేయబోయాను. ఎలాగూ వచ్చారు కదా, రిపోర్టు వచ్చేదాకా ఉండనివ్వమన్నారు డాక్టరుగారు.

నాలుగింటికి రిపోర్టు వచ్చింది. నీటిలో ఇన్‌ఫెక్షన్ ఉంది. వెంటనే ఇంజెక్షన్లు మొదలుపెట్టాం. గంట తిరక్కుండానే తిమ్మప్పకు చలిజ్వరం పట్టుకుంది. ఊళ్లో ఉండి ఉంటే కిడ్నీలు దెబ్బతినేవని డాక్టరుగారు అన్నారు. తొమ్మిదో రోజున అతను నడిచి ఇంటికి వెళ్లాడు.

తర్వాత ఫోన్ కంపెనీ నుంచి నా కాల్స్ లిస్టు తీయించాను. అందులోనూ ఆ కాల్ లేదు. పరిశోధన ఫారంలో, తిరిగి రావడానికి కారణం అన్న చోట 'ఫోన్ వచ్చింది' అని రాశాను. ఎవరి నుంచో రాయలేదు.

ఆ ఫోన్ చేసింది నేను కాదని నర్సమ్మకు చెప్పాను. ఆమె నమ్మలేదు.

"నీ గొంతు నేను గుర్తుపట్టనా? ఏడ్చుకుంట జెప్తివి."

ఇన్నేళ్లలో నేను ఏ రోగి విషయంలోనూ ఏడవలేదు. ఆ గొంతు ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.