శ్రుతి దిద్దే ముందు

నిన్న జగ్గయ్యపేట నుంచి వస్తున్న ఆటోలో ఒక పాట వినిపించింది. గాయని గొంతు ఎక్కడా చిన్న వణుకు లేకుండా సాగిపోతోంది. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా లేదు. వెంటనే మస్తాన్ గారు గుర్తొచ్చారు. నందిగామలో ఎరువుల కొట్టు మేడమీద ఆయనకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉండేది. పెళ్ళి పాటలు, భక్తి పాటలు, ఎన్నికల పాటలు, ఏవొచ్చినా చేసేవారు. సంగీతంలో డిప్లొమా చేసి, నేను ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను.

చేరిన కొత్తలో మా ఇద్దరికీ రోజూ ఒకటే వాదన. శ్రుతి తప్పిన గొంతును కంప్యూటర్లో సరిచేయడం మోసమని నేను. "మోసమెందుకవుతుందమ్మాయ్? దర్జీ జాకెట్టు బిగిస్తే ఒళ్ళు మార్చినట్టా?" అని ఆయన. "పాడటం రానివాళ్ళు కూడా గాయకులైపోతారండి" అంటే, "అవనీ, మనకేం పోయింది?" అని నవ్వేసేవారు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు పెనుగంచిప్రోలు నుంచి రమణమ్మ గారని ఒక అంగన్‌వాడీ టీచరు వచ్చారు. ఆ నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఇన్నేళ్ళూ పిల్లలకు నేర్పిన పాటలు తన గొంతుతోనే రికార్డయి ఉండాలని ఆవిడ కోరిక. ఆవిడ పాడి వెళ్ళాక, మస్తాన్ గారు మిగతా పని నాకప్పగించారు. నేను పట్టుబట్టి ఒక్క స్వరం కూడా దిద్దలేదు. మర్నాడు వినిపిస్తే, రెండో పాటకే ఆవిడ తల దించుకున్నారు. "నా గొంతు ఇంత వంకరా అమ్మా? ఇన్నేళ్ళూ పిల్లలకి ఇదే నేర్పానా?" అని, "ఎవరికీ ఇవ్వకండి, తీసేయండి" అంటూ లేచారు.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన మస్తాన్ గారికి సంగతి అర్థమైంది. ఆవిణ్ణి నా కుర్చీలో కూర్చోబెట్టి, "టీచరు గారూ, మళ్ళీ మొదట్నుంచి పెడతాను. మీకు నచ్చనిచోట చెయ్యెత్తండి. అక్కడే సరిచేద్దాం" అన్నారు. ఆవిడ నాలుగుచోట్ల చెయ్యెత్తారు. ఆయన ఒక్కోటీ దిద్ది వినిపించారు. ఇంతలో కాకి పాటలో, గొంతు బొంగురుపోయి కిందికి జారే చోటు వచ్చింది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద తప్పు అదే. ఆవిడ చెయ్యి లేవలేదు. ఉండబట్టలేక అడిగాను. "అది తప్పు కాదమ్మా. అక్కడ కాకి గొంతు పెడితేనే పిల్లలు నవ్వుతారు" అన్నారు. మస్తాన్ గారు పకపకా నవ్వారు, ఆవిడా నవ్వారు. నేను సిగ్గుతో కంప్యూటర్ తెర వైపే చూస్తూ ఉండిపోయాను. ఆవిడ సంతోషంగా వెళ్ళాక, "ఇన్నాళ్ళూ వాదించుకున్నాం గానీ, గొంతు ఎవరిదో వాళ్ళని ఇద్దరం అడగలేదు చూశావా?" అన్నారాయన. తప్పులో తనను కూడా కలుపుకోవడం చూసి, నా మనసు తేలికపడింది.

ఆయన పోయాక ఆ స్టూడియో నేనే నడుపుతున్నాను. మొన్న గరికపాడు నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చి, కూతురి పుట్టినరోజు కోసం పాట పాడాడు. "మొత్తం నున్నగా చేసేయండి మేడం" అన్నాడు. నాకు అతని గరుకు గొంతే నచ్చింది. ఆ మాట ఒక్కసారి చెప్పి చూశాను. "మా పాప నన్ను హీరో అనుకుంటదండీ" అన్నాడు. ఇక వాదించలేదు, అడిగినట్టే చేసిచ్చాను. అతను ఫోను చెవికి ఆనించుకుని, మెట్లమీదే వింటూ నిలబడిపోయాడు. అతను పాట పూర్తిగా వినేదాకా నేనూ గుమ్మంలోనే నిలబడ్డాను.