పియానో టీచరు దగ్గు

పియానో టీచరుకు జలుబు లేకపోయినా రోజంతా దగ్గు వస్తూనే ఉంటుంది. పాట మొదట్లో స్వరాన్ని కాస్త దించమనే ఫ్లాట్ గుర్తు ఒక్కసారే వేస్తారు గానీ దాని పెత్తనం చివరిదాకా సాగుతుంది. ‘బి’ స్వరం వచ్చినప్పుడల్లా తెల్లమెట్టు వదిలేసి, దాని ఎడమపక్క నల్లమెట్టు నొక్కాలి. పిల్లలు పాటలో రెండో వరుసకొచ్చేసరికి ఆ సంగతి శుభ్రంగా మర్చిపోతారు. ఆవిడ కసురుకోదు. కళ్లజోడు పైకి తోసుకుని చిన్నగా దగ్గుతుంది. పిల్లల వేలు ఉలిక్కిపడి నల్లమెట్టెక్కుతుంది.

“ఈసారి తప్పు దొర్లిందంటే, వచ్చే ఏడాది పియానో బదులు రికార్డే పెట్టేస్తామండీ” అని ప్రిన్సిపాలమ్మ ముందే చెప్పడంతో, బడి వార్షికోత్సవంలో టీచరు భయంభయంగానే పియానో ముందు కూర్చుంది. పిల్లలు పాడుతున్నారు, ఆవిడ వాయిస్తోంది. పేజీ తిప్పిన కంగారులో వేలు తెల్లమెట్టు మీద పడింది. వెంటనే వెనక నిలబడ్డ పిల్లలంతా పాట ఆపి ఒక్కసారిగా దగ్గారు. ఆ దగ్గుల్లో అపస్వరం ఎటుపోయిందో ఎవరికీ తెలియలేదు. టీచరు వేలు మాత్రం బుద్ధిగా నల్లమెట్టెక్కింది.

“బాగుందండీ, వచ్చే ఏడాదీ మీరే వాయించాలి. అయినా, అందరికీ ఒకేసారి దగ్గేంటి?” అంది ప్రిన్సిపాలమ్మ.

“నా దగ్గర్నుంచే అంటుకుందండీ” అంది టీచరు కళ్లజోడు పైకి తోసుకుంటూ. “ఇప్పట్లో తగ్గేది కాదు.”