తొలి బత్తాయి పువ్వు

బాలనాగమ్మ చేతికి కళ్ళున్నాయని గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి రైతులు అనేవారు. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తీసేయడం, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి అద్దడం, పెళ్ళికి ముందు నుంచీ అదే పని. మనిషి చేయి పడకుండా దానంతట అదే విచ్చుకున్న పువ్వు చెట్టున ఉంటే విత్తనం కల్తీ. అందుకే మాట్లాడుతూ, నడుస్తూనే అలాంటి పూలను తుంచేసేది.

ఆ నేర్పు చూసే పరిశోధన కేంద్రంలోని జయశ్రీ ఆమెను వలపందిరిలో పనికి పెట్టుకుంది. అక్కడివి గింజ నుంచి మొలిచిన బత్తాయి మొక్కలు. మామూలుగా అయితే పూతకు ఏళ్ళు పడుతుంది. వీటిలో పూతను తొందరపెట్టే జన్యువు చేర్చారు.

"ఏడాదికే పూస్తయి పెద్దమ్మా. వేరుకుళ్ళుకు తట్టుకునే అడవి నిమ్మతో కలిపితే, రోగం రాని రకం జల్ది తయారైతది."

"నడక రాని పిల్లకు పెండ్లి చేస్తున్నవా బిడ్డా?" అని బాలనాగమ్మ నవ్వింది కానీ, ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. వేరుకుళ్ళుతో ఎండిన తమ తోటను నరికినప్పటి నుంచి భర్త కురుమయ్య ఆ చెలక వైపే పోవడం లేదు.

ఎండాకాలం మొదట్లో ఒక్క మొక్కకు ఒక్క మొగ్గ వచ్చింది. అది విచ్చే సమయానికి తన పసిబిడ్డకు జ్వరం వచ్చి జయశ్రీ దవాఖానకు పరుగెత్తింది.

"మొగ్గ పైలం పెద్దమ్మా, జర చూస్తుండు!" అని చెప్పి పోయింది.

మర్నాడు బాలనాగమ్మ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వరుసల మధ్య నడుస్తోంది.

"విచ్చిందానే?" అన్నాడు అవతల కురుమయ్య.

"గంత ఆత్రమెందుకయ్యా? ఇంకా..."

మాట్లాడుతూనే చేయి అలవాటుగా కొమ్మ మీదికి పోయింది. తెల్లటి పువ్వు ఆమె అరచేతిలో ఉంది.

కాల్ కట్ చేసి జయశ్రీకి చేసింది. "నా చెయ్యే తెంపింది బిడ్డా."

అవతల బిడ్డ ఏడుస్తోంది. "మొగ్గకు సంచి తొడిగి పోవాల్సింది నేను," అంది జయశ్రీ, బిడ్డను సముదాయిస్తూనే.

"మళ్ళ పూస్తదా?"

"తెల్వదు పెద్దమ్మా. గిట్ల తొందరగా పూసినదానికి బలం తక్కువ."

జన్యువు మార్చిన మొక్కలు కాబట్టి అక్కడిదేదీ బయటికి పోరాదు. బాలనాగమ్మ పువ్వును అక్కడే కాల్చేసింది.

సాయంత్రం ఇంటికి పోతే కురుమయ్య లేడు. చెలకలో ఉన్నాడు. గడ్డపారతో పాత చెట్ల మొదళ్ళు పెకిలిస్తున్నాడు. ఒళ్ళంతా చెమట, ముఖం నిండా నవ్వు.

"కాల్ కట్టయింది. విచ్చిందా మరి?"

బాలనాగమ్మ కుడిచేతిని కొంగులో చుట్టుకుంది.

"దా, బువ్వ తిందువు," అంది.

"ఈ ఒక్కటి తీసి వస్త," అని అతను మళ్ళీ గడ్డపార ఎత్తాడు.