బ్యాటరీ మీద దీపం

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. వోల్టు, ఆంపియరు, లోడు అన్న మాటలు చదివి నేర్చుకున్నవి కావు, భయపడి నేర్చుకున్నవి.

మా ఆయన పోయాక, కంచరపాలెంలో రైలుపట్టాల పక్కనున్న ఒంటిగది ఇంట్లో నేనూ మా అత్తా మిగిలాం. అత్తకు ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముక్కుకు గొట్టం, ఆ గొట్టానికి ఆక్సిజన్ మిషను. కరెంటు పోతే మిషను కుయ్యిమని అరిచి ఆగిపోయేది. ఆ అరుపు వింటే చేతిలో పని వదిలేసి అత్త మంచం దగ్గరికి పరిగెత్తేదాన్ని. అందుకని ఇన్వర్టర్ పెట్టించాం.

బిగించడానికి వచ్చిన మెకానిక్కు నా మొహం చూసి వీధి కుళాయి చూపించాడు.

"నీళ్లు తోసుకొచ్చే జోరుంది సూడు పిన్నీ, అది వోల్టు. పడే దార ఆంపియరు. డ్రమ్ముకి ఎన్ని నీళ్లు పడతాయో, బ్యాటరీకి అది ఏహెచ్. లోడంటే సెంబులెట్టి తోడుకునీవోలు. మిషనూ ఫ్యానూ తోడుకుంటే పర్లేదు. టీవీ కూడా సెంబెట్టిందనుకో, బేగి కాళీ అయిపోద్ది."

"కాళీ అయిపోతే?"

"అవకుండా సూసుకో. ఇంకోటి, సార్జింగ్ అయినపుడు బ్యాటరీలోంచి గేసొత్తాది. దగ్గర్లో నిప్పెట్టకు. పేలితే లోపలి ఆసిడ్ మీద పడతాది."

ఆ తర్వాత కరెంటు పోయినప్పుడల్లా నేను టీవీ ప్లగ్గు పీకి కొంగున పట్టుకుని కూర్చునేదాన్ని. అత్త నవ్వేది. "మొగుడికైనా ఇంత బయపడ్డావేటే? ఆ డబ్బాకి బయపడతన్నావు."

దసరా వచ్చింది. ఆ రోజు మా వైపు ఆటోకీ, లేతు మిషనుకీ, కత్తిపీటకీ అన్నిటికీ బొట్లు పెడతారు. మా ఇంట్లో పూజ చెయ్యాల్సింది ఊపిరి పోసే మిషనుకూ బ్యాటరీకీ. మొగుడు లేనిదాన్ని, బొట్టు పెట్టే పని నాది కాదు. అత్త కూతుర్ని పిలిపించుకుంది.

పొద్దున్నుంచీ వాన. తలుపూ కిటికీలూ మూసేశాం. కరెంటు చాలాసేపు లేదు, మిషను బ్యాటరీ మీదే నడిచింది. కరెంటు వచ్చి బ్యాటరీ చాలాసేపు చార్జింగ్ ఎక్కాక, నేను వెనక వసారాలో కూర తరుగుతుంటే కోడిగుడ్డు మురిగిన వాసన వచ్చింది. కాలవ పొంగిందేమో అనుకుని లోపలికి వెళ్లాను.

బ్యాటరీకి పసుపు, కుంకుమ, బంతిపూలు. దాని మూత మీద ఇత్తడి పళ్లెంలో దీపం. బ్యాటరీ లోపల అన్నం ఉడుకుతున్నట్టు బుడబుడమంటోంది, ఆ వాసనా దానిదే. పక్కనే మంచం మీద అత్త, ముక్కుకు గొట్టం.

దీపం ఎత్తి బయటికి తీసుకెళ్దామంటే గుమ్మానికి అడ్డంగా ఆ ఆక్సిజన్ గొట్టమే ఉంది, నిప్పు దాని మీదుగా తీసుకెళ్లకూడదు. రెండు వేళ్లతో వత్తి నలిపేశాను.

"వదినా, ఏటిది?" ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. "పండగ పూట దీపం ఆర్పీసినావేటి? మాయమ్మ ఎదురుగుండా?"

మా ఇళ్లల్లో దీపం ఆరిందని కూడా అనరు, కొండెక్కిందంటారు. అలాంటిది, ఊపిరి లెక్కపెట్టుకుంటూ బతికే మనిషి ముందు, నా చేత్తో.

"గేసే తల్లీ. మాటాడకు. తలుపూ కిటికీలూ తీసెయ్. స్విచ్చు ముట్టుకోకు."

వాన జల్లు ఇంట్లోకి కొట్టింది. బ్యాటరీ పక్కకి చెయ్యి ఆనిస్తే వేడి, కాసేపు కూడా ఉంచలేనంత. అత్త నన్నే చూస్తోంది. దీపంతో పాటు ఆమె కూడా వెళ్లిపోతే నేనేం చెప్పుకోవాలి? మిషను చప్పుడు వింటూ ఆమె గుండె ఎగిసిపడడం చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం మెకానిక్కు వచ్చి చార్జింగ్ మరీ ఎక్కువ ఎక్కుతోందని సరిచేశాడు, బ్యాటరీని వసారాలోకి మార్చాడు. దీపం అలాగే ఉంటే పేలి ఉండేదో లేదో నేను అడగలేదు, అతను చెప్పలేదు.

అతను వెళ్లాక అత్త నోరు విప్పింది.

"దీపం గుమ్మంలో ఎట్టు."

ఆడపడుచు లేవబోయింది.

"నువ్వు కాదు. అది ఎలిగిత్తాది."

కాలిన వేళ్లతో అగ్గిపెట్టె తీశాను. గియ్యబోయి ఆగి, ముందు వసారా వైపు, తర్వాత గదిలో గాలి పీల్చి చూశాను.

"కుక్కలాగ ఆ వాసనేటే," అంది అత్త. "నా ఊపిరికన్నా నీ ముక్కే ఎక్కువ పన్జేత్తంది."

ఇప్పటికీ అంతే. పొయ్యి వెలిగించాలన్నా ముందు వాసన చూస్తాను. ఏమీ లేదని తెలిశాక కూడా, పుల్ల గీసే చెయ్యి కాస్త వెనక్కే ఉంటుంది.