తెర మీద సుద్ద గీత

ఏలూరు పవర్‌పేట స్టేషను వెనక సందులో నజ్మా ఎంబ్రాయిడరీ కొట్టు తెలియని ఆడవాళ్ళు లేరు. పెళ్ళి జాకెట్టు కావాలంటే భీమడోలు నుంచి కూడా రైలెక్కి వస్తారు. చెయ్యి మంచిది, మాట మంచిది. మనిషిలో ఉన్న లోపమల్లా కొట్టు వదిలి ఎక్కడికీ కదలకపోవడమే. ఆకివీడులో ఉన్న చెల్లెలు ఫర్జానా బిడ్డను కన్నప్పుడు కూడా పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. ఆ బిడ్డ మొహం తిన్నగా చూసిందో లేదో కూడా అనుమానమే.

"అంత ఏం మూటలు దాచావే కొట్లో?" అని ఎదురింటి సూర్యకాంతం ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకునేది. భయపడుతున్నానని చెప్పుకోవడానికి ఎవరికైనా సిగ్గే కదా.

ఆ భయం ఏమిటో తెలియాలంటే ముందు ఆమె తండ్రి దాదాపీర్ సంగతి తెలియాలి. ఆయన మగ్గం పనివాడు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి, వంగి కూర్చుని, జరీతో పువ్వులూ పిట్టలూ పొదిగేవాడు. కుర్రతనంలో కొల్లేటి వైపు ఊళ్ళు తిరిగి పని తెచ్చుకునేవాడట. అక్కడ చూసిన గూడబాతుల్ని, అదే, ముక్కు కింద సంచీ వేలాడేసుకుని చెట్ల మీద కాపురాలుండే ఆ పెద్ద పక్షుల్ని, పల్చటి కాగితం మీద గీసి జాకెట్టు చేతుల మీదికి దింపాడు. హంసలూ నెమళ్ళూ ఎవరైనా కుడతారు. గూడబాతులు మాత్రం దాదాపీర్‌వే.

ఆయన పోయేముందు నజ్మా ఆ కాగితాలన్నీ స్కాన్ చేసి, ఒక్కొక్క గీతనూ కంప్యూటర్లో కుట్లుగా మార్చుకుంది. మంచి పనే చేసింది. ఆ తర్వాతి వానాకాలం ట్రంకుపెట్టెలోకి నీళ్ళు చేరి కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఇప్పుడు తండ్రి చేతి గీత అంటూ ఈ లోకంలో మిగిలింది ఆ పాత కంప్యూటర్లో ఉన్నదే. కుట్టు మిషనుకి పెన్‌డ్రైవ్‌తో డిజైను ఎక్కించాలి గనుక, ఏ జాకెట్టుకి కావలసింది ఆ జాకెట్టుకి మాత్రం దాన్లోకి వేసుకునేది. పని అయ్యాక తుడిచేసేది. అన్నీ ఒకచోట ఇంకో నకలు పెట్టుకోవాలని ఆమెకు తోచలేదు. ఉన్న ఇంటికి ఇంకో ఇల్లెందుకన్నట్టు ఊరుకుంది.

అలాంటి కంప్యూటర్లో తమ్ముడు ఫారూఖ్ వేలు పెట్టాడు. ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ బాగుంటుందని ఎవరో చెబితే, దానికోసం పాత విండోస్ పక్కన ఇంకో విండోస్ వేశాడు. ఆ సాఫ్ట్‌వేర్ పనికిరాలేదు. రెండో విండోస్ ఉన్న డ్రైవును ఖాళీ చేసేసి, "తీసేశాను ఆపా, ఇంక గొడవలేదు" అని చెప్పి, చేపల లారీ మీద డ్రైవరుగా వెళ్ళిపోయాడు. ఆకివీడులో ఐసు నింపుకుని గౌహతి దాకా పోయే బండి. ఫోను చేస్తే ఒకసారి పలుకుతాడు, పదిసార్లు పలకడు.

తీసేశాడన్నమాటే గాని, దాని పేరు మాత్రం పోలేదు. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా నల్లటి తెర మీద రెండు తెల్లటి వరుసలు. రెండిటి పేరూ ఒకటే, విండోస్ సెవెన్. కింద అంకెలు ఒక్కొక్కటీ తగ్గుతుంటాయి. పైది ఖాళీ అయిపోయినది, కిందది బతికున్నది. ఏమీ నొక్కకపోతే అంకెలైపోయి తనంతట తానే పైదాన్లోకి పోతుంది. మొదట్లో ఒకసారి అలా పోయి, ఏదో ఇంగ్లీషు రాసి నిలబడిపోతే నజ్మా కేకలు పెట్టింది. ఫారూఖ్ ఇంకా ఊళ్ళోనే ఉండబట్టి సరిచేశాడు. ఆనాటి నుంచి ఆ అంకెలు తగ్గుతుంటే ఆమె బుర్ర పనిచెయ్యదు. పైదా, కిందదా? ఎన్నిసార్లు చేసినా అదే తడబాటు.

అందుకని తన పనిలో ఉన్న ఉపాయమే వాడుకుంది. గుడ్డ మీద గీసే సుద్ద తీసి, తెర అద్దం మీద కింది వరుస పక్కన ఒక గీత పెట్టుకుంది. నీలం సుద్దతో. కత్తెర పట్టేటప్పుడు సుద్ద ఎక్కడుందో చూడడమే తప్ప ఆలోచించడం ఉండదు కదా, ఇక్కడా అంతే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పరుగున వచ్చి, గీత ఉన్న వరుస మీదికి బాణం బొత్తం నొక్కి ఎంటర్ కొట్టేది. తను లేనప్పుడు ఎవరైనా ఆన్ చేస్తే ఏమవుతుందోనని కొట్టు వదిలేది కాదు.

ఆ శుక్రవారం పొద్దున కరెంటు పోయింది. వచ్చాక నజ్మా తెర ముందుకి పరిగెత్తింది. గీత పై వరుస పక్కన ఉంది. కింద కదా ఉండేది అని ఒక్క క్షణం అనిపించింది. కానీ అంకెలు తగ్గిపోతున్నాయి, గీత కళ్ళముందే ఉంది. ఎంటర్ కొట్టింది.

తెర నిండా ఇంగ్లీషు. విండోస్ మొదలవలేదట. నజ్మా వైరు లాగేసి, కంప్యూటర్లు బాగుచేసే అప్పారావుకి ఫోను చేసింది.

"మళ్ళీ ఆన్ చెయ్యకండి నజ్మా గారూ. మాటిమాటికీ ఆన్ చేస్తే డిస్కు పోద్దండీ. భోజనం చేసి వస్తాను. ఫార్మాట్ కొట్టేద్దాం, కొత్తదాన్లా పరిగెడతాది."

"ఫార్మాట్ కొడితే లోపలున్నవి ఉంటాయాండీ?"

"ఉన్నవి ఎక్కడుంటాయండీ? తుడిచి వెయ్యడమే కదా దానర్థం."

నజ్మా ఫోను పెట్టేసి పీట మీద కూలబడింది. ఈ మాట సూర్యకాంతం చెవిన పడకుండా ఉంటుందా? చేటలో బియ్యం ఏరుకుంటూనే గుమ్మంలోకి వచ్చింది.

"మా పెద్దోడు పాపారావు కంప్యూటరూ ఇంతేనమ్మా. నల్లగా అయ్యింది, అంతే. వాడి పెళ్ళి ఫొటోలు మొత్తం పోయాయి. పెళ్ళాం ఇప్పటికీ తిడతాది."

"పిన్నిగారూ, మీకు పుణ్యముంటుంది, కాసేపు ఊరుకోండి."

"నేనేం అన్నానే! ఉన్న మాట చెప్పాను."

అప్పుడే జ్యోత్స్న వచ్చింది. భీమడోలులో బడిపిల్లలకు కంప్యూటర్ చెప్పే టీచరమ్మ. చెల్లెలు రూబీకి వచ్చేవారం చర్చిలో పెళ్ళి. తెల్ల జాకెట్టు చేతుల మీద తెల్ల దారంతోనే గూడబాతులు కావాలని ఆ పిల్ల పట్టుబట్టింది. ఆ పనెంతవరకొచ్చిందో చూడ్డానికి వచ్చిన జ్యోత్స్నకి నజ్మా మొహమే జవాబు చెప్పింది. నజ్మా సంగతంతా చెప్పి, "పక్షులు పోయాయండీ. మీ చెల్లెలి జాకెట్టు ఒక్కటే కాదు, మా నాన్నవి అన్నీ పోయాయి" అంది.

"ఒకసారి ఆన్ చేసి చూద్దామా?"

"వద్దండీ! డిస్కు పోద్దన్నారు."

"నాకూ భయమేనండీ" అంది జ్యోత్స్న నిజాయితీగా. "నేను పిల్లలకి బొమ్మలెయ్యడం, టైపు కొట్టడం చెప్పేదాన్ని. కానీ మా బళ్ళోనూ ఇలాంటిది ఒకటుండేది." తెర దగ్గరికి వంగి చూసింది. "ఇదేంటండీ, ఈ గులాబీ రంగు గీత?"

"గులాబీనా?" నజ్మా లేచి నిలబడింది. "నాది నీలం సుద్దండీ."

ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. మూల కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న తల్లి మరియంబీ కత్తి ఆపింది.

"శుక్రవారం కదా అని తడిగుడ్డ పెట్టి తుడిచాను" అంది మెల్లిగా. "అది చెరిగిపోయింది. నువ్వు కోప్పడతావని చేతికందిన సుద్దతో మళ్ళీ పెట్టేశాను. అక్కడే కదే ఉంది?"

"అక్కడ కాదమ్మీ, కింద!"

"వేలెడు తేడాకి ఇంత గోలా?"

సూర్యకాంతం చేట పక్కన పెట్టేసింది. ఇంక ఆవిడ ఇంటికి పోయే ప్రశ్నే లేదు.

"అంటే మీరు ఖాళీదాన్లోకి వెళ్ళారంతే" అంది జ్యోత్స్న. "బతికున్నది కిందే ఉండాలి."

ఉండాలి అంది గాని ఉంది అనలేదు. నజ్మా అది గమనించింది. వైరు పెట్టి స్విచ్ నొక్కింది. నల్లటి తెర, రెండు వరుసలు, తగ్గే అంకెలు. కింది వరుస, ఎంటర్. తెర మళ్ళీ నల్లబడింది. మరియంబీ కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంటోంది. ఇక లేవదనుకున్నాక, రంగులు వచ్చాయి. వెనకే ఆమె డిజైన్ల ఫోల్డరు.

నజ్మా ఏడవలేదు, నవ్వలేదు. గబగబా పెన్‌డ్రైవ్ తెచ్చి తండ్రి బొమ్మలన్నీ దాన్లోకి దింపింది. అవి ఎక్కుతున్నంతసేపూ కరెంటు పోకూడదని ఆ కొట్లో నలుగురు ఆడవాళ్ళూ బల్బు వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఇప్పుడా చచ్చినదాని పేరు తీసేద్దాం" అంది జ్యోత్స్న.

"ఇంతటితో వదిలేద్దామండీ."

"వదిలేస్తే మళ్ళీ కరెంటు పోతుందిగా?"

నజ్మా మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. జ్యోత్స్న చెప్పినట్టు రన్ పెట్టెలో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టింది. బూట్ అనే చోట మళ్ళీ ఆ రెండు వరుసలే. సరిగ్గా అప్పుడే బయట స్కూటరు ఆగింది. అప్పారావు లోపలికి వచ్చి తెర చూసి, "అమ్మో, దాంట్లో వేలు పెట్టారాండీ? అందులో తప్పుది పీకేశారంటే ఇంక జన్మలో లేవదు" అన్నాడు.

నజ్మా మౌస్ వదిలేసింది.

"ఒక దాని పక్కన కరెంట్ ఓఎస్ అని ఉంది చూడండి" అంది జ్యోత్స్న. "అంటే మనం ఇప్పుడు కూర్చున్నది. దాని మీద నొక్కండి. డిలీట్ బొత్తం చూడండి."

నజ్మా నొక్కింది. డిలీట్ బొత్తం వెలిసిపోయినట్టు బూడిదరంగులో ఉంది. నొక్కినా పలకలేదు.

"చూశారా? మనం కూర్చున్న కొమ్మను అది నరకనివ్వదు. ముందు దీన్నే డిఫాల్ట్ చెయ్యండి, అంటే ఏమీ నొక్కకపోయినా తెరుచుకునేది. ఇప్పుడు రెండోదాని మీదికి వెళ్ళండి."

రెండోదాని మీదికి వెళ్ళగానే డిలీట్ బొత్తం వెలిగింది. నజ్మా చూపు ఒకసారి అప్పారావు వైపు పోయింది. ఆయన గొంతు సవరించుకుని, "నిజమేనండీ, వెలగనిది పోదు, వెలిగిందే పోద్ది" అని ఒప్పుకున్నాడు. నజ్మా బిస్మిల్లా అనుకుని నొక్కింది. ఒక వరుస మాయమైంది. ఆ ఒక్క వరుసేనా పోయింది, దానితోపాటు ఇంకేదైనా పోయిందా అని తెలియాలంటే మాత్రం ఆపి మళ్ళీ వెయ్యాల్సిందే.

"నేను వెయ్యలేనండీ" అంది నజ్మా.

మరియంబీ లేచింది. ఉల్లిపాయల చెయ్యి కొంగుకి తుడుచుకుని, "తప్పు గీత నాదే కదా, స్విచ్ కూడా నేనే వేస్తాను" అని, కంప్యూటర్‌ని ఆపించి, మళ్ళీ తనే నొక్కింది. నజ్మా తెర వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి నిలబడింది. ఆ నల్ల తెర, ఆ అంకెలు వస్తాయని చెవులు రిక్కించింది, అంకెలకు చప్పుడుండదని తెలిసి కూడా.

"వచ్చిందే. గీతా లేదు, వరుసలూ లేవు" అంది మరియంబీ.

నజ్మా తిరిగి చూసి గూడబాతుల బొమ్మ తెరిచింది. ముక్కు కింద సంచీ, మెడ వంపు, రెక్క చివర తండ్రి ఎప్పుడూ కొంచెం ఎక్కువగా సాగదీసే ఆ ఒక్క గీత. ఉంది.

సాయంత్రానికి రూబీ జాకెట్టు మిషను మీదికెక్కింది. ఆదివారం నజ్మా ఆకివీడు వెళ్ళి రాత్రి అక్కడే పడుకుంది. చెల్లెలి కూతురు నోట్లో వేలు పెట్టుకుని నిద్రపోతుంటే, కరెంటు పోయి ఫ్యాను ఆగేసరికి ఉలిక్కిపడి లేచి కూర్చుంది. తర్వాత గుర్తొచ్చింది. పెన్‌డ్రైవ్ ఒకటి బియ్యం డబ్బా అడుగున ఉంది. అవే బొమ్మలు ఎక్కించిన రెండోది తన జాకెట్టులో ఉంది. చెయ్యి పెట్టి తడిమి చూసుకుని మళ్ళీ పడుకుంది.